ఆకాశంలో బండి బాట

నేనుండే అమెరికాలో చిన్న విమానాశ్రయాల పక్కన ఇల్లు కొనేవాళ్ల దస్తావేజుల్లో ఒక్కోసారి ఒక వింత షరతు ఉంటుంది. పెరటికి ఫలానా ఎత్తు పైన ఉన్న గాలి మీద హక్కు విమానాశ్రయానిది. ఆ ఎత్తు దాటి చెట్టు పెరిగితే దాన్ని నరకడానికి వాళ్ల మనుషులు లోపలికి రావచ్చు. పాత యజమాని ఎప్పుడో డబ్బు తీసుకుని రాసిచ్చిన హక్కు అది, ఇల్లు ఎన్ని చేతులు మారినా దాంతోపాటే వస్తుంది. ఇక్కడ దీన్ని ఏవిగేషన్ ఈజ్‌మెంట్ అంటారు. నేల అమ్మడం, కౌలుకివ్వడం, కాలువ నీళ్ల వంతు కోసం తగవుపడడం మన బళ్లారి వాళ్లకు కొత్త కాదు. గాలిని కొలిచి, వెలకట్టి, రిజిస్టరు చేయించడం మాత్రం మొదట వింతగానే తోస్తుంది. కాస్త నిదానించి చూస్తే ఇది మన చేలల్లో ఉన్నదే. బండి బాట!

బండి బాట కింది నేల పట్టాదారుదే, పహణీలో పేరూ అతనిదే. అయినా దాన్ని దున్నకూడదు, కంప అడ్డం వేయకూడదు. మిరప కోతల నాడు వెనక చేల వాళ్ల బస్తాలు దాని మీదుగానే రోడ్డెక్కాలి. దాని గురించి వచ్చే తగవులు రెండే. ఇది తరతరాల హక్కా, ఈ ఏటికి మాట సాయమా అన్నది మొదటిది. ఎంత వెడల్పు అన్నది రెండోది. ఎడ్ల బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక, ఆ వెనక కోత మిషన్లు వచ్చాక, ఒకప్పుడు చాలిన బాట చాలక గట్లు తెగాయి, మనుషుల మధ్య మాటలూ తెగాయి. విమానం దిగే దారికీ ఇవే తగవులు. రన్‌వే చివర దాటాక 200 అడుగుల దగ్గర మొదలయ్యే ఒక వాలు తలాన్ని ఇక్కడి నిబంధనలు గీస్తాయి, దాన్ని దాటి లేచిందేదైనా అడ్డంకే. చిన్న విమానాలు కంటిచూపుతో దిగే రన్‌వే అయితే 20 అడుగుల దూరానికి ఒక అడుగు లేస్తుంది. పరికరాల సాయంతో మబ్బులోనూ దిగే పెద్ద రన్‌వే అయితే 50 అడుగులకు ఒక అడుగే. అరవై అడుగుల కొబ్బరి చెట్టు మొదటి రకం రన్‌వేకి 1,400 అడుగుల దూరంలో ఉంటే చాలు. రెండో రకానికి 3,200 అడుగులు, అంటే దాదాపు కిలోమీటరు దూరం కావాలి. చెట్టు అదే, రైతు అతనే. పెద్ద విమానం వస్తుందనగానే నిన్నటిదాకా ఎవరికీ అడ్డు కాని చెట్టు అడ్డవుతుంది.

మొదటి తగవు ఒక కోళ్ల ఫారం కేసుతో కోర్టుకెక్కింది. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో దగ్గర కాస్‌బీ అనే రైతుకు మూడెకరాల లోపు నేల ఉండేది. 1942లో పక్కనున్న విమానాశ్రయాన్ని సైన్యం లీజుకు తీసుకుంది. విమానాలు దిగే దారి ఆయన ఇంటి కప్పుకు 67 అడుగుల పైన, చేలోని అన్నిటికన్నా ఎత్తైన చెట్టుకు 18 అడుగుల పైన పోయేది. ఆ మోతకు కోళ్లు బెదిరి గోడలకు కొట్టుకుని చచ్చాయి. రోజుకు ఆరు నుంచి పది దాకా, మొత్తం 150 వరకు పోవడంతో ఆయన ఆ వ్యాపారమే మానుకున్నాడు. 1946లో సుప్రీం కోర్టు రెండు మాటలు చెప్పింది. నేల ఉన్నవాడికి పాతాళం నుంచి నింగి దాకా హక్కనే పాత సూత్రం ఈ కాలానికి చెల్లదు. కానీ ఇల్లు కట్టుకోవడానికి, చెట్టు పెంచుకోవడానికి, నేలను అనుభవించడానికి అవసరమైన మేరకు పైనున్న గాలి అతనిదే, దాన్ని వాడుకుంటే ప్రభుత్వం వెల చెల్లించాలి. అయితే ఆ దారి శాశ్వతమా, తాత్కాలికమా తేల్చమని కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. మన ఊరి పెద్దలు బండి బాట దగ్గర నిలబడి అడిగే ప్రశ్నే అది.

తరువాత సంగతులు చకచకా జరిగాయి. 1951 డిసెంబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా న్యూజెర్సీలోని ఎలిజబెత్ ఊరి మీద మూడు విమానాలు కూలి వంద మందికి పైగా చనిపోయారు. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన డూలిటిల్ సంఘం రన్‌వే చివరలను ఖాళీగా ఉంచాలని సిఫారసు చేసింది. 1962లో పిట్స్‌బర్గ్ కేసులో, ఇళ్ల మీది గాలికి డబ్బు కట్టాల్సింది విమానాశ్రయం నడిపే కౌంటీయేనని సుప్రీం కోర్టు తేల్చింది. మరి కౌంటీకి డబ్బెక్కడిది? 1970 నుంచి టికెట్ల మీది పన్నుతో ఒక నిధి నడుస్తోంది. 1982 నాటి పథకం కింద ఆ నిధి నుంచి చిన్న విమానాశ్రయాలకు సాధారణంగా ఖర్చులో 90 శాతం దాకా కేంద్రం ఇస్తుంది. చెట్లు తీయడానికి, గాలి హక్కు కొనడానికీ అది వాడుకోవచ్చు. ఆ డబ్బు తీసుకున్న ఊరు దిగే దారిని ఖాళీగా ఉంచుతానని రాసివ్వాలి. ఎగిరేవాడు కట్టిన పన్ను, కింద చెట్టు పోగొట్టుకున్నవాడికి చేరుతుంది. నాకు ఈ దేశంలో గౌరవం కలిగించే ఏర్పాట్లలో ఇదొకటి.

ప్రాణాలు పోయే చోట బేరాలేమిటి, అడ్డున్నది కొట్టేయాలి గాని, అని అనేవాళ్లుంటారు. 1988లో అహ్మదాబాద్ దగ్గర విమానం చెట్టుకు, కరెంటు స్తంభానికి తగిలి 133 మంది పోయిన సంగతి గుర్తుచేస్తారు. ఆ రోజు రన్‌వే కనపడకుండానే కిందికి దిగారన్నది విచారణలో తేలింది. అయినా ఆ ఆక్షేపణలో బలముంది. ఎత్తున్నదేదైనా పొరపాటును చావుగా మారుస్తుంది. నా జవాబు ఇది: గొడ్డలి ఒక్కసారే అడ్డు తీస్తుంది. చెట్టు మళ్లీ చిగురిస్తుంది, కొడుకు మేడ మీద మేడ వేస్తాడు. రాసుకున్న హక్కు ఉంటేనే పదేళ్ల తరువాత కూడా దారి ఖాళీగా ఉంటుంది. ఇంకొకరు, డబ్బు దండగ, ఎత్తు నియమం పెడితే చాలదా అంటారు. లాస్ వేగాస్‌లో అదే చేశారు. నేల యజమాని సిసోలాక్ కోర్టుకెక్కగా, 2006లో నెవాడా సుప్రీం కోర్టు ఆ నియమమే గాలిని లాక్కోవడమని చెప్పి, 65 లక్షల డాలర్ల పరిహారాన్ని, పైగా వడ్డీని ఖాయం చేసింది. ముందే కొనకపోవడం చవక కాలేదు.

మన దేశంలో చట్టం లేక కాదు. 1934 నాటి విమానాల చట్టంలో 1972లో చేర్చిన 9ఎ సెక్షను, విమానాశ్రయాల చుట్టూ కట్టడాలను, చెట్లను తగ్గించమనే అధికారం కేంద్రానికిచ్చింది. పక్కనే 9బి పరిహారం గురించి చెప్పింది. 2025 జనవరి నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం అమల్లోకొచ్చింది. అదే ఏడు జూన్‌లో అడ్డంకుల కూల్చివేతకు ముసాయిదా నియమాలూ వెలువడ్డాయి. లోపమల్లా వరసలో ఉంది. మన దగ్గర ముందు నోటీసు, తరువాత కూల్చివేత, ఆఖరున పరిహారం. కొనుగోలు ముందు రావాలి. మన బళ్లారి దగ్గరి చాగనూరు, సిరివార పొలాల్లో విమానాశ్రయం కోసం దాదాపు 900 ఎకరాలు తీసుకున్నప్పుడు రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ పోరాటమంతా కంచె లోపలి నల్లరేగడి గురించే. కంచె అవతల చింత చెట్టున్నవాళ్లకు, రేపు మేడ వేసుకోవాలనుకునేవాళ్లకు ఆ వాలు తలం ఎక్కడ పడుతుందో చెప్పాలి, ఆ గాలికి వెల కట్టాలి, దాన్ని బండి బాటలా పహణీలో ఎక్కించాలి. ఆ పొలాల చుట్టుపక్కల నేల ఉన్నవాళ్లు రన్‌వే గీత ఖాయం కాకముందే గ్రామసభలో ఎత్తుల పటం అడగండి.