ఎన్.సి.ఏ.ఏ. బాస్కెట్‌బాల్ పోటీలలో చిరస్మరణీయమైన ఆటలు

ఎన్.సి.ఏ.ఏ. బాస్కెట్‌బాల్ పోటీలు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విశ్వవిద్యాలయాల, కళాశాలల జట్ల మధ్య ప్రతి సంవత్సరం మార్చి, ఏప్రిల్ నెలలలో జరిగే జాతీయ స్థాయి పోటీలు. వీటిని నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అనే సంస్థ నిర్వహిస్తుంది. పురుషుల పోటీలు 1939లోను, ఈ సంస్థ ఆధ్వర్యంలో మహిళల పోటీలు 1982లోను మొదలయ్యాయి. వాడుకలో వీటిని మార్చ్ మ్యాడ్‌నెస్, అనగా మార్చి నెల వెర్రి అంటారు. ఈ పోటీలలోని కొన్ని ఆటలను, కొందరు ఆటగాళ్ళను అభిమానులు దశాబ్దాల తరువాత కూడా తలచుకొంటూ ఉంటారు. అలా తలచుకొనేవారిలో విజేతలే కాక ఓడినవారు కూడా అనేకులు ఉండడం ఈ పోటీల ప్రత్యేకత.

పోటీల స్వరూపం

మొదటి సంవత్సరం 8 జట్లు మాత్రమే పాల్గొన్నాయి. ఇల్లినాయి రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో జరిగిన ఫైనల్‌లో ఆరెగన్ జట్టు 46-33 తేడాతో ఒహాయో స్టేట్ జట్టును ఓడించింది. జట్ల సంఖ్య 1951లో 16కు, 1975లో 32కు, 1985లో 64కు, 2011లో 68కి పెరిగింది. 1985 నుండి దేశాన్ని నాలుగు విభాగాలుగా చేసి, ప్రతి విభాగంలోను జట్లకు బలాన్నిబట్టి 1 నుండి 16 వరకు స్థానాలు ఇస్తున్నారు. వీటినే సీడ్‌లు అంటారు. నాలుగు విభాగాల విజేతలు తలపడే చివరి ఘట్టానికి ఫైనల్ ఫోర్ అని పేరు.

ఇవి నాకౌట్ పద్ధతిలో జరుగుతాయి. ఒక్క ఆటలో ఓడితే ఆ సంవత్సరానికి జట్టు కథ ముగిసినట్లే. లీగ్ పద్ధతిలో వలె పొరపాటును మరుసటి ఆటలో దిద్దుకొనే వీలు లేదు. పైగా ఆటగాళ్ళు విద్యార్థులు. సాధారణంగా నాలుగు సంవత్సరాలకు మించి కళాశాల జట్టులో ఆడే అవకాశం వారికి ఉండదు. కనుక ఆఖరి సంవత్సరం ఆటగాడికి ఓటమి అంటే చాలాసార్లు కళాశాల క్రీడాజీవితానికే ముగింపు. ఒక్క విసురు, ఒక్క పొరపాటు ఇంతకాలం జ్ఞాపకం ఉండడానికి ముఖ్యకారణం ఇదే.

జాతివివక్షను ఎదిరించిన ఆటలు

1963 - మిసిసిపీ స్టేట్, లయోలా: మిసిసిపీ రాష్ట్రంలో ఆనాడు శ్వేతజాతి జట్లు నల్లజాతి ఆటగాళ్ళున్న జట్లతో ఆడరాదనే అలిఖిత నియమం ఉండేది. ఈ కారణంగా మిసిసిపీ స్టేట్ జట్టు 1959, 1961, 1962లలో అర్హత పొందినా జాతీయ పోటీలకు వెళ్ళలేదు. 1963లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డీన్ కాల్వర్డ్ జట్టును పంపాలని నిశ్చయించాడు. దానిని ఆపడానికి కొందరు కోర్టు నుండి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు తెచ్చారు. ఉత్తర్వు చేతికి అందకుండా శిక్షకుడు బేబ్ మెకార్తీ ముందుగానే రాష్ట్రం దాటిపోగా, ఆటగాళ్ళు మరునాడు విమానంలో బయలుదేరారు. మార్చి 15న మిషిగన్ రాష్ట్రంలోని ఈస్ట్ లాన్సింగ్‌లో వారు షికాగోకు చెందిన లయోలా జట్టుతో తలపడ్డారు. లయోలా జట్టులో ఆట మొదలుపెట్టిన ఐదుగురిలో నలుగురు నల్లజాతివారు. ఆటకు ముందు లయోలా నాయకుడు జెర్రీ హార్క్‌నెస్, మిసిసిపీ నాయకుడు జో డాన్ గోల్డ్ కరచాలనం చేసుకొన్న ఛాయాచిత్రం ప్రసిద్ధి పొందింది. లయోలా 61-51తో గెలిచి, తరువాత ఆ సంవత్సరపు విజేతగా కూడా నిలిచింది. 2011లో గోల్డ్ మరణించినపుడు అతని అంత్యక్రియలకు హార్క్‌నెస్ హాజరయ్యాడు.

1966 - టెక్సాస్ వెస్టర్న్, కెంటకీ: 1966 మార్చి 19న మేరీలాండ్ రాష్ట్రంలోని కాలేజ్ పార్క్‌లో ఈ ఫైనల్ జరిగింది. టెక్సాస్ వెస్టర్న్ శిక్షకుడు డాన్ హాస్కిన్స్ ఐదుగురు నల్లజాతి ఆటగాళ్ళతో ఆట ప్రారంభించాడు. ఒక ఫైనల్‌లో ఇలా జరగడం అదే మొదటిసారి. అడాల్ఫ్ రప్ శిక్షణలోని కెంటకీ జట్టులో అందరూ శ్వేతజాతివారే. బాబీ జో హిల్ 20 పాయింట్లు సాధించగా, టెక్సాస్ వెస్టర్న్ 72-65తో గెలిచింది. ఆనాటి పత్రికలు ఆటలోని జాతి విషయాన్ని పెద్దగా ప్రస్తావించలేదు. తరువాతి సంవత్సరాలలో దక్షిణాది విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆటగాళ్ళను చేర్చుకోవడం మొదలైన పిదప దీని ప్రాముఖ్యత స్పష్టమయింది. 2006లో ఈ ఉదంతంపై గ్లోరీ రోడ్ అనే చలనచిత్రం వచ్చింది.

మేటి ఆటగాళ్ళు

విల్ట్ ఛాంబర్లిన్: 1957 ఫైనల్‌లో ఇతడు ఆడిన కాన్సాస్ జట్టు మూడు అదనపు సమయాల తరువాత 54-53తో నార్త్ కరొలైనా చేతిలో ఒక్క పాయింటుతో ఓడింది. ఓడిన జట్టువాడైనా పోటీలలో అత్యుత్తమ ఆటగాడిగా ఛాంబర్లిన్‌నే ఎన్నుకొన్నారు.

లూ ఆల్సిండర్: తరువాతి కాలంలో కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రసిద్ధుడు. జాన్ ఉడెన్ శిక్షణలోని యు.సి.ఎల్.ఏ. జట్టుకు 1967, 1968, 1969లలో వరుసగా మూడు విజయాలు సాధించిపెట్టాడు. 1967లో కళాశాల ఆటలో డంక్ చేయడాన్ని నిషేధించారు. ఇతడి ఆధిక్యతే అందుకు కారణమని చాలామంది అభిమానుల నమ్మకం. ఈ నిషేధం 1976 వరకు కొనసాగింది.

బిల్ వాల్టన్: 1973లో మెంఫిస్ స్టేట్‌తో జరిగిన ఫైనల్‌లో 22 విసురులలో 21 సఫలం చేసి 44 పాయింట్లు సాధించాడు. ఉడెన్ శిక్షణలో యు.సి.ఎల్.ఏ. 1964, 1975 మధ్య పదిసార్లు విజేత అయింది.

మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్: 1979 మార్చి 26న సాల్ట్ లేక్ సిటీలో మిషిగన్ స్టేట్, ఇండియానా స్టేట్ జట్లు తలపడ్డాయి. అంతవరకు వరుసగా 33 ఆటలు గెలిచిన ఇండియానా స్టేట్ 75-64తో ఓడింది. జాన్సన్ 24, బర్డ్ 19 పాయింట్లు సాధించారు. టెలివిజన్ రేటింగులలో కళాశాల బాస్కెట్‌బాల్ ఆటలన్నింటిలోను ఇదే అగ్రస్థానంలో నిలిచింది. వీరిద్దరి పోటీ తరువాత వృత్తిక్రీడలోను కొనసాగింది.

చివరి క్షణాలలో తేలిన ఆటలు

1982 - నార్త్ కరొలైనా, జార్జ్‌టౌన్: న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన ఈ ఫైనల్‌లో మొదటి సంవత్సరం విద్యార్థి మైఖేల్ జోర్డాన్ చివరి నిమిషంలో చేసిన విసురుతో నార్త్ కరొలైనా 63-62 ఆధిక్యం పొందింది. ఆ వెంటనే జార్జ్‌టౌన్ ఆటగాడు ఫ్రెడ్ బ్రౌన్ తనవాడే అనుకొని బంతిని ప్రత్యర్థి జేమ్స్ వర్తీకి అందించాడు. దానితో ఆట ముగిసింది. శిక్షకుడు జాన్ థాంప్సన్ మందలించకుండా బ్రౌన్‌ను దగ్గరకు తీసుకొని ఓదార్చాడు. రెండు సంవత్సరాల తరువాత, 1984లో జార్జ్‌టౌన్ విజేత అయింది. అప్పటికీ జట్టులోనే ఉన్న బ్రౌన్‌ను థాంప్సన్ మళ్ళీ కౌగలించుకొన్నాడు. ఈ పోటీలు గెలిచిన మొదటి నల్లజాతి శిక్షకుడు థాంప్సన్.

1983 - నార్త్ కరొలైనా స్టేట్, హ్యూస్టన్: ఆ సంవత్సరం పది ఆటలు ఓడిన నార్త్ కరొలైనా స్టేట్, వరుసగా 26 ఆటలు గెలిచిన హ్యూస్టన్‌ను ఫైనల్‌లో ఎదుర్కొంది. హ్యూస్టన్ జట్టులో హకీమ్ ఒలజువన్, క్లైడ్ డ్రెక్స్‌లర్ వంటివారు ఉన్నారు. స్కోరు 52-52 వద్ద డెరెక్ విటెన్‌బర్గ్ దూరం నుండి విసిరిన బంతి బుట్టను చేరలేదు. లొరెంజో చార్ల్స్ దానిని గాలిలోనే అందుకొని డంక్ చేయడంతో 54-52తో ఆట ముగిసింది. శిక్షకుడు జిమ్ వల్వానో ఎవరిని కౌగలించుకోవాలో తెలియక మైదానమంతా పరుగెత్తిన దృశ్యం నేటికీ టెలివిజన్‌లో కనిపిస్తూ ఉంటుంది. వల్వానో 1993లో క్యాన్సర్‌తో మరణించాడు. అతని పేర అదే సంవత్సరం ఏర్పడిన వి ఫౌండేషన్ క్యాన్సర్ పరిశోధనకు నిధులు సమకూరుస్తున్నది.

1992 - డ్యూక్, కెంటకీ: మార్చి 28న ఫిలడెల్ఫియాలో జరిగిన ఈ ఆటను అత్యుత్తమమైనదిగా పరిగణించేవారు ఎందరో ఉన్నారు. అదనపు సమయంలో 2.1 సెకన్లు మిగిలి ఉండగా కెంటకీ 103-102 ఆధిక్యంలో ఉంది. బంతిని లోనికి విసిరే డ్యూక్ ఆటగాడి ఎదుట కెంటకీ ఎవరినీ నిలపలేదు. గ్రాంట్ హిల్ మైదానం ఆ చివర నుండి విసిరిన బంతిని క్రిస్టియన్ లేట్నర్ అందుకొని, ఒకసారి నేలకు కొట్టి, వెనుకకు తిరిగి బుట్టలో వేశాడు. ఆ రోజు లేట్నర్ పదికి పది విసురులు, పదికి పది ఫ్రీ త్రోలు సఫలం చేశాడు. అదే ఆటలో అతడు కిందపడిన ప్రత్యర్థి ఛాతీపై కాలు మోపిన సంగతిని కెంటకీ అభిమానులు మరచిపోలేదు. కెంటకీపై అంతకుముందు విధించిన నిషేధ కాలంలో కూడా జట్టును వీడని నలుగురు సీనియర్ విద్యార్థులకు గౌరవసూచకంగా విశ్వవిద్యాలయం వారి జెర్సీలను సభాస్థలి పైకప్పునుండి వేలాడదీసింది.

2016 - విల్లనోవా, నార్త్ కరొలైనా: 4.7 సెకన్లు ఉండగా మార్కస్ పేజ్ మూడు పాయింట్ల విసురుతో స్కోరు సమం చేశాడు. కాలం ముగిసే క్షణంలో క్రిస్ జెంకిన్స్ మరో మూడు పాయింట్ల విసురుతో విల్లనోవాకు 77-74 విజయం అందించాడు.

హ్యాంక్ గేదర్స్

లయోలా మేరీమౌంట్ జట్టులోని హ్యాంక్ గేదర్స్ హృద్రోగం కలిగినవాడు. 1990 మార్చి 4న ప్రాంతీయ పోటీలలో ఆడుతూ మైదానంలోనే కుప్పకూలి మరణించాడు. అప్పటికి అతని వయసు 23 సంవత్సరాలు. గేదర్స్ ఫ్రీ త్రోలను ఎడమచేతితో వేసేవాడు. కొద్ది రోజులకే మొదలైన జాతీయ పోటీలలో అతని చిన్ననాటి మిత్రుడు బో కింబుల్, కుడిచేతివాటం వాడైనా, ప్రతి ఆటలో తన మొదటి ఫ్రీ త్రోను మిత్రుని స్మృత్యర్థం ఎడమచేతితో వేశాడు. మొదటి ఆటలో ఆ బంతి బుట్టలో పడింది. 11వ సీడ్ జట్టు క్రితం సంవత్సరపు విజేత మిషిగన్‌ను 149-115తో ఓడించి, చివరి ఎనిమిది జట్లలో నిలిచింది. అక్కడ ఆ సంవత్సరం విజేత అయిన నెవాడా లాస్ వేగస్ చేతిలో ఓడింది.

రికార్డులకు అందని జ్ఞాపకం

1991లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరిన క్రిస్ వెబర్, జేలెన్ రోజ్, జువాన్ హవర్డ్, జిమ్మీ కింగ్, రే జాక్సన్‌లను ఫ్యాబ్ ఫైవ్ అంటారు. వీరు 1992, 1993లలో వరుసగా ఫైనల్ చేరి రెండుసార్లూ ఓడారు. 1993లో నార్త్ కరొలైనా 73-71 ఆధిక్యంలో ఉండగా, 11 సెకన్లు మిగిలిన సమయంలో వెబర్ టైమ్ అవుట్ కోరాడు. కాని జట్టుకు టైమ్ అవుట్‌లు మిగిలి లేవు. నియమం ప్రకారం ప్రత్యర్థికి ఫ్రీ త్రోలతోపాటు బంతి కూడా లభించింది. ఆట 77-71తో ముగిసింది. తరువాతి కాలంలో వెబర్‌తో సహా కొందరు ఆటగాళ్ళు నిబంధనలకు విరుద్ధంగా ధనం పొందిన వ్యవహారం బయటపడడంతో విశ్వవిద్యాలయం 2002లో ఆ రెండు ఫైనల్ ఫోర్ ఘట్టాలను తన రికార్డుల నుండి తొలగించింది. రికార్డులలో లేకపోయినా ఆ జట్టు అభిమానుల జ్ఞాపకాలలో నిలిచే ఉంది.

చిన్న జట్ల విజయాలు

1985లో 8వ సీడ్ విల్లనోవా ఫైనల్‌లో జార్జ్‌టౌన్‌ను 66-64తో ఓడించింది. అంతకంటె దిగువ సీడ్ జట్టేదీ ఈ పోటీలు గెలవలేదు. విల్లనోవా 28 విసురులలో 22 సఫలం చేసింది. నిర్ణీత సమయంలోపు బంతిని విసరాలన్న నియమం అప్పటికి పోటీలలో లేదు. కనుక తగిన అవకాశం చిక్కేవరకు ఓపికగా వేచి ఉండడం ఆ జట్టుకు సాధ్యమయింది. ఆ నియమం తరువాతి సంవత్సరం అమలులోకి వచ్చింది.

పురుషుల పోటీలలో 1985 నుండి మొదటి సీడ్ జట్లు 16వ సీడ్ జట్లపై 135 ఆటలూ గెలిచాయి. 2018 మార్చి 16న యు.ఎమ్.బి.సి. అనే మేరీలాండ్ జట్టు 74-54తో వర్జీనియాను ఓడించి ఈ వరుసను ఛేదించింది. మరుసటి సంవత్సరమే వర్జీనియా జాతీయ విజేత అయింది. 2023లో ఫెర్లీ డికిన్‌సన్ జట్టు పర్డ్యూను 63-58తో ఓడించింది.

మహిళల పోటీలు

16వ సీడ్ జట్టు మొదటి సీడ్‌ను ఓడించడం మొదట జరిగింది మహిళల పోటీలలోనే. 1998లో హార్వర్డ్ 71-67తో స్టాన్‌ఫర్డ్‌పై గెలిచింది. 2017లో వరుసగా 111 ఆటలు గెలిచిన కనెటికట్ జట్టు అదనపు సమయపు ఆఖరి క్షణంలో మోర్గన్ విలియమ్ చేసిన విసురుతో మిసిసిపీ స్టేట్ చేతిలో 66-64తో ఓడింది. 2024లో సౌత్ కరొలైనా, కెయిట్లిన్ క్లార్క్ ఆడిన అయోవా జట్ల మధ్య జరిగిన ఫైనల్‌ను పురుషుల ఫైనల్ కంటె ఎక్కువమంది టెలివిజన్‌లో వీక్షించారు. ఇలా జరగడం అదే మొదటిసారి.

విశేషాలు

* 1987 నుండి పురుషుల పోటీలు ముగియగానే వన్ షైనింగ్ మూమెంట్ అనే పాటతోపాటు ఆ సంవత్సరపు ముఖ్య ఘట్టాలను ప్రసారం చేయడం ఆనవాయితీ. గెలిచినవారి ఆనందంతోపాటు ఓడినవారి కన్నీరు కూడా అందులో కనిపిస్తుంది.
* కోవిడ్-19 కారణంగా 2020లో పోటీలు రద్దయ్యాయి. ఆ సంవత్సరం ఆఖరి తరగతి చదువుతున్న ఆటగాళ్ళలో అనేకులకు ఓటమి కూడా లేకుండానే కళాశాల క్రీడాజీవితం ముగిసింది.

ఇవి కూడా చూడండి

* బాస్కెట్‌బాల్
* మైఖేల్ జోర్డాన్
* కరీం అబ్దుల్ జబ్బార్