సీసాలో కనిపించని నాణ్యత: సొరచేప కాలేయ తైలం – పోషక అనుబంధకాల విశ్వసనీయత

ఉపోద్ఘాతం

బియ్యంలో రాళ్లు కంటికి కనిపిస్తాయి. పాలలో నీళ్లు కలిస్తే నాలుక పసిగడుతుంది. ఒక నూనెలో విటమిన్ ‘ఎ’ ఎంత ఉన్నదో మాత్రం చూపు, వాసన, రుచి ఏవీ చెప్పలేవు. నేడు మాత్రలుగా, పొడులుగా, నూనెలుగా అమ్ముడవుతున్న పోషక అనుబంధకాలన్నింటి విషయంలోనూ కొనుగోలుదారు ఎదుర్కొనే మౌలిక సమస్య ఇదే. ఈ సమస్య కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో తయారైన సొరచేప కాలేయ తైలం చరిత్రను ఆధారంగా చేసుకుని, అనుబంధకాల నాణ్యతను, విశ్వసనీయతను వేర్వేరుగా పరిశీలించవలసిన అవసరాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1940 ఏప్రిల్: రెండు ఘటనలు

1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వేపై దండెత్తింది. అంతవరకు మన ఆసుపత్రులకు, మందుల దుకాణాలకు వచ్చే కాడ్ చేప నూనెకు నార్వే ముఖ్యమైన ఆధారం. ఆ దిగుమతి నిలిచిపోవడంతో రేచీకటికి, పిల్లల పోషకాహార లోపాలకు వాడే నూనెను ఇక్కడే తయారుచేసుకోవలసి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖ కోళికోడ్‌లో సొరచేప కాలేయ తైలం తయారీని చేపట్టింది. నాటి ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కనుక ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

నార్వేపై దాడి జరిగిన మరునాడు, ఏప్రిల్ 10న, భారత ఔషధాల చట్టానికి ఆమోదం లభించింది. ఈ రెండు ఘటనలకు కార్యకారణ సంబంధం లేదు. చట్టానికి మూలాలు పదేళ్ల వెనుక ఉన్నాయి. 1930లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఏర్పడిన ఔషధ విచారణ సంఘం 1931లో తన నివేదికను సమర్పించి, మందుల తయారీని, అమ్మకాన్ని నియంత్రించే చట్టం అవసరమని సూచించింది. 1937లో కలకత్తాలో జీవరసాయన ప్రమాణీకరణ ప్రయోగశాల ఏర్పడింది. ఆ విధంగా కొత్త తైలం అంగడికి వచ్చే నాటికి దాన్ని పరీక్షించాలన్న ఆలోచన, అందుకు తగిన సంస్థ రెండూ రూపుదిద్దుకొని ఉన్నాయి.

కొలమానం లేనిదే నమ్మకం లేదు

పరీక్షకు ముందు కొలత కావాలి. 1931లో నానాజాతి సమితి ఆధ్వర్యంలో లండన్‌లో జరిగిన సమావేశం విటమిన్ ‘ఎ’కు కెరోటిన్‌ను ప్రమాణంగా స్వీకరించింది. 1934లో 0.6 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ చూపే ప్రభావాన్ని ఒక అంతర్జాతీయ యూనిట్‌గా నిర్ణయించారు. పరీక్షా పద్ధతులు ముఖ్యంగా రెండు. విటమిన్ లోపించిన ఎలుకలకు నూనెను తినిపించి వాటి పెరుగుదలను గమనించడం మొదటిది. దీనికి వారాల కాలం పట్టేది. ఆంటిమొనీ ట్రైక్లోరైడ్‌తో కలిపినప్పుడు వచ్చే నీలిరంగు గాఢతను కొలవడం రెండవది. ఇది వేగవంతమైనదే కాని, ఆ రంగు క్షణాల్లో వెలిసిపోతుంది. కాబట్టి అంకె ఒకటే అయినా, దాన్ని ఏ పద్ధతిలో, ఎవరు కొలిచారన్నది ముఖ్యమైన ప్రశ్నగానే మిగిలింది.

కల్తీ, ప్రమాణీకరణ: ఒకే పని, రెండు అర్థాలు

సొర జాతిని బట్టి, చేప పరిమాణాన్ని బట్టి కాలేయ తైలంలోని విటమిన్ ‘ఎ’ ఎంతో మారుతుంది. ఒక పీపాలోని నూనె మరొక పీపాలోని నూనెకన్నా ఎన్నో రెట్లు గాఢంగా ఉండవచ్చు. అందువల్ల తయారీదారులు దానికి శుద్ధిచేసిన వేరుశనగ నూనెను కలిపి నిర్ణీత గాఢతకు తెచ్చేవారు.

మంచి నూనెలో చవక నూనె కలపడాన్ని సామాన్యవ్యవహారంలో కల్తీ అంటాము. ఇక్కడ అదే పని ప్రమాణీకరణ అయింది. ఈ భేదం కలిపిన వస్తువులో లేదు. కలపడానికి ముందు కొలవడంలోను, కలిపినదాన్ని వెల్లడించడంలోను ఉన్నది. కొలవకుండా, చెప్పకుండా కలిపితే అది మోసం. కొలిచి, చెప్పి కలిపితే ప్రతి చెంచాలోనూ ఒకే మోతాదు ఉంటుందన్న హామీ. ‘స్వచ్ఛమైనది’, ‘సహజమైనది’ అన్న విశేషణాలు నాణ్యతకు నిదర్శనాలు కావని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తున్నది. సహజమైన సొర నూనెకే మోతాదు నిలకడ లేదు. పైగా గాలి, వెలుతురు సోకితే విటమిన్ ‘ఎ’ క్షీణిస్తుంది కనుక, తయారైన నాటి అంకె అమ్మిన నాటికి నిజం కాకపోవచ్చు.

నాణ్యత వేరు, ప్రకటన వేరు

సొర తైలాన్ని కాడ్ చేప నూనెకు ప్రత్యామ్నాయంగా వాడారు. విటమిన్ ‘ఎ’ దృష్ట్యా ఇది సమర్థనీయమే. కాని కాడ్ నూనెలో సమృద్ధిగా ఉండే విటమిన్ ‘డి’ సొర తైలంలో సాధారణంగా స్వల్పం. రేచీకటి ఉన్న బిడ్డకు పనికివచ్చే సీసా, రికెట్స్ వల్ల ఎముకలు వంగిన బిడ్డకు అదే విధంగా పనికిరాదు. సీసాలోని నూనెకు ఏ లోపమూ లేకపోయినా, ‘ప్రత్యామ్నాయం’ అన్న ఒక్క మాట తప్పుదారి పట్టించగలదు. లోపల ఉన్నదేమిటన్నది నాణ్యతకు సంబంధించిన ప్రశ్న. అది ఎవరికి, దేనికి పనిచేస్తుందన్నది విశ్వసనీయతకు సంబంధించిన ప్రశ్న. ప్రయోగశాల మొదటిదానికి సమాధానం చెప్పగలదు. రెండవదానికి వైద్య పరిశోధన కావాలి.

ఔషధం నుంచి ఆహారానికి

1940 నాటి చట్టం విటమిన్లను తన పరిధిలోకి తెచ్చి, వాటికి లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థ నిర్వహించే ప్రమాణాలను ఆధారం చేసింది. తర్వాతి కాలంలో కృత్రిమ విటమిన్ ‘ఎ’ వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి కావడంతో సొర తైలం ప్రాముఖ్యం క్రమంగా తగ్గింది. 1970లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమంలో పిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ‘ఎ’ ఇచ్చారు. ఈ విధానానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు తోడ్పడ్డాయి. అక్కడ మోతాదు, వయస్సు, వ్యవధి అన్నీ ముందే నిర్ణయమైనవి. అదే విటమిన్ మితిమీరితే కాలేయానికి, గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 22వ సెక్షన్ ఆరోగ్య అనుబంధకాలను ఆహారంగా గుర్తించింది. 2016లో వెలువడిన నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఔషధంగా వాడరాదన్న సూచన లేబుల్‌పై తప్పనిసరి అయింది. అయితే లేబుల్‌పై కనిపించే 14 అంకెల సంఖ్య లైసెన్సుకు సంబంధించినది. చేతిలోని సీసాను ఎవరో పరీక్షించారని గాని, అది రోగం తగ్గిస్తుందని గాని ఆ సంఖ్య చెప్పదు. కొనుగోలుదారులలో పలువురు ఈ మూడింటినీ ఒకటిగానే భావించడం నేటి ప్రమాదం.

ముగింపు

సొర తైలం చరిత్ర నుంచి అనుబంధకాలను తూచడానికి నాలుగు ప్రశ్నలు లభిస్తున్నాయి. ప్రకటించిన పరిమాణాన్ని తయారీదారుతో సంబంధం లేనివారు కొలిచారా? ఆ పరిమాణం గడువు తేదీ వరకు నిలుస్తుందా? చెప్పిన ప్రయోజనానికి ఆ పదార్థంపైనే, ఆ మోతాదులోనే ఆధారం ఉన్నదా? వాడే వ్యక్తికి అసలు ఆ లోపం ఉన్నదా? మొదటి రెండూ సీసాకు, మూడవది శాస్త్రానికి, నాలుగవది మనిషికి సంబంధించినవి. నాటి కొరతలో నాలుగవ ప్రశ్నకు సమాధానం రేచీకటి రూపంలో కళ్లెదుటే ఉండేది. నేటి సమృద్ధిలో మనం తరచుగా మరచిపోతున్నది ఆ ప్రశ్ననే.