ఎలుకల పేర్లు పొలంలోనే పుట్టాయి

చేలో ఎలుక పడిందంటే దాన్ని ఎలా చంపాలా అనే మనం ఆలోచిస్తాం. అసలు పడినది ఏ ఎలుక అని ఎప్పుడైనా విచారించారా? గట్టులో బొరియ తవ్వి, మట్టి కుప్ప పోసి, నోరు మూసుకొనే కొక్కు వేరు. రేగడి పగుళ్ళలో దాగే మెత్తని బొచ్చు ఎలుక వేరు. బొటనవేలంత చిట్టెలుక వేరు. ఇవిగాక, పంట జోలికి రాకుండా రాతి గుట్టల్లో బ్రతికేవి కొన్ని ఉన్నాయి. ఈ తేడాలు మన దేశంలో ఎలా పుస్తకాలకెక్కాయో, అది ఈనాడు మనకెందుకు పనికివస్తుందో కొంచెం చెప్పుకొందాం.

మద్రాసు సివిల్ సర్వీసులో వాల్టర్ ఇలియట్ అనే దొర ఉండేవాడు. 1845లో అమరావతి స్తూపం శిల్పాలను తవ్వించినది ఈయనే. అంతకుముందు ధారవాడ ప్రాంతంలో ఉద్యోగం చేస్తూ, అక్కడి జంతువులన్నిటినీ పరిశీలించి 1839లో మద్రాసు పత్రికలో ఒక పట్టిక ప్రకటించాడు. ఎలుకల దగ్గరికి వచ్చేసరికి చెరువులు తవ్వే వడ్డెరలు ఏ ఎలుకను ఏమంటారో ఆయన వ్రాసుకొన్నాడు. ఎందుకంటే, బొరియలు తవ్వి, అందులోని గింజలు తీసి, ఎలుకను పట్టి తినేవారు వాళ్ళే. ఏ బొరియలో ఏది ఉంటుందో వాళ్ళకు తెలిసినట్టు మరొకరికి తెలియదు.

ఆ పట్టికలో ఒక ఎలుక పేరు మెట్టాడ. ఇది నల్లరేగడి చేలలో ఉంటుంది. తాను పెద్దగా బొరియ తవ్వుకోదు. రాళ్ళ కుప్పల్లోనో, కొక్కు విడిచిన బొరియలోనో, వేసవిలో నేల బీటలువారితే ఆ పగుళ్ళలోనో తలదాచుకొంటుంది. తొలకరి వానకు ఆ పగుళ్ళు పూడుకుపోయి ఏటా లెక్కలేనన్ని చస్తాయి. కాని 1826లో ఏమైంది? తొలి వానలు చాలినంత పడలేదు. మెట్టాడలు విపరీతంగా పెరిగాయి. చల్లిన విత్తు చల్లినట్టే తినేశాయి. మిగిలిన జొన్న కంకికి వచ్చాక, కర్రలెక్కి కంకులు కొరికి పడవేశాయి. రైతులు శిస్తు కట్టలేని స్థితి వచ్చింది. వడ్డెరలను పిలిచి, ఇన్ని డజన్ల ఎలుకలకు ఇంత ధాన్యమని కొలిచి ఇచ్చారు. వేలకు వేలు చంపినా తగ్గినట్టు కనబడలేదని ఇలియట్ చెప్పాడు. తొలకరి సరిగా పడని ఏడు రేగడి చేలపై కన్ను వేసి ఉంచాలని ఈ కథ మనకు నేర్పుతుంది. ఆ ఎలుక ఏదో, అది ఎక్కడ దాగుతుందో తెలిసినందుననే ఈ పాఠం దక్కింది.

ఇంకొకటి చూడండి. లెగ్గాడ అనే ముళ్ళ బొచ్చు చిట్టెలుక ఎర్ర గరప నేలలో ఉంటుంది. లోపలికి పోగానే బొరియ నోటికి గులకరాళ్ళు పేర్చుకొంటుంది. లోపల కూడా గులకరాళ్ళే పరుపు! వాకిట్లో రాళ్ళు కనబడితే లోపల ఇదే ఉందని గుర్తు.

లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో గ్రే అనే శాస్త్రజ్ఞుడు ఇలియట్ సేకరించిన వాటికి 1837లో శాస్త్రనామాలు పెట్టాడు. అవి ఎక్కడివి? మెట్టాడ కాస్తా ‘మెల్టాడా’ అయింది. ‘లెగ్గాడా’ ఒక ప్రజాతి పేరయింది. కొక్కును ‘కొక్’ అన్నాడు. ఇక మన పందికొక్కు సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ తెలుగు మాటే ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయి, ఆస్ట్రేలియాలోని ఒక సంచి జంతువుకు కూడా అంటుకొన్నది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ 1867లో భారతదేశపు క్షీరదాలపై గ్రంథం వెలువరించినప్పుడు, యానాదుల నోటి తెలుగు పేర్లను కూడా అందులో చేర్చాడు.

తరువాత పెద్ద పని 1911లో మొదలైంది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు చందాలు పోగుచేసి, దేశమంతటా మనుషులను పంపి, 1923 వరకు క్షీరదాల సర్వే జరిపించారు. పట్టిన ప్రతి ఎలుక చర్మాన్నీ, పుర్రెనూ భద్రపరచి, ఊరు, తేదీ, కొలతలు చీటీ మీద వ్రాసి కట్టారు. ఆ సర్వేకు పూనుకొన్న కార్యదర్శి మిలార్డ్ పేర ఒక ప్రజాతి వెలసింది. అందుకే మన మెట్టాడ ఈనాడు ‘మిలార్డియా మెల్టాడా’.

అంత వెదికినా పని పూర్తికాలేదు. తమిళనాడు సేలం ప్రాంతపు తూర్పు కనుమల్లో, రాతి పొదల మధ్య బ్రతికే ఎల్విరా ఎలుకను ఎల్లర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1940ల్లోగాని వర్ణించలేదు. పూనా దగ్గర సింహగడ్ కొండపై మెట్టాడకు దాయాది ఒకటి ఉందని 1975లో తేలింది. ఆ కోట పాత పేరు కొండాణా కనుక, అది కొండాణా ఎలుక. జనం నిత్యం తిరిగే కోట మీదనే అన్నేళ్ళూ ఉన్నా ఎవరూ దాన్ని వేరుగా గుర్తించలేదు! ఈ రెండూ చాలా కొద్ది చోటులోనే ఉన్నాయి. పొదలు నరికి, గుట్టలు తవ్వితే వాటికి వేరే చోటు లేదు. ఎల్విరా ఎలుక అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జంతువుల జాబితాకెక్కింది.

కనుక మందు పెట్టేముందు గుర్తుపట్టండి. సాయంత్రం బొరియలన్నీ మూసి, మర్నాడు ఉదయం తెరచినవే లెక్కపెట్టండి. ఎలుక ఉన్నది వాటిలోనే. మిగతావాటిలో పోసిన మందు దండుగ. చేలో మందు పెట్టినవారు మిగిలిందని పక్క గుట్ట మీది రాళ్ళలో చల్లకండి. అక్కడ ఉండేది మీ పంటకు శత్రువు కాకపోవచ్చు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. చచ్చిన ఎలుకను వట్టి చేత్తో ముట్టకండి, వాటివల్ల జబ్బులు వస్తాయి. ఊరు, తేదీ, నేల రకం, పైరు వ్రాయండి. తల నుంచి తోక మొదలు వరకు ఒక కొలత, తోక ఒక కొలత, వెనుక పాదం, చెవి కొలవండి. తోక ఒంటికన్న పొడుగా, పొట్టా చూడండి. బొరియ వాకిట్లో మట్టి ఉందో, గులకరాళ్ళు ఉన్నాయో చూడండి. ఊళ్ళో ఎలుకలు పట్టేవారుంటే దాని పేరేమిటో అడిగి, వాళ్ళన్నది అన్నట్టే వ్రాయండి. ఇంతవరకు చూడని రకమనిపిస్తే వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తెలపండి. ఇలియట్ చేసినదీ ఇంతే. తెలిసినవారిని అడిగాడు, విన్నది తేదీతో సహా వ్రాసిపెట్టాడు. అందువల్లనే 1826 నాటి నష్టం ఈనాటికీ మనకు హెచ్చరికగా మిగిలింది.