మొదలు నిలవాలి, ఫలం పంచాలి

బడిలో పాఠాలు చెప్పే మమ్మల్ని రంజాన్ నెలలో పిల్లలు ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు: "సార్, జకాత్ డబ్బున్నవాళ్ళకు కదా, మాకేం పని?" నలభయ్యో వంతు లెక్క నిసాబు ఉన్నవారికే, నిజమే. సదఖాకు మాత్రం ఆ హద్దు లేదు.

క్రీ.శ. 628లో ముస్లింల వశమైన ఖైబర్‌లో హజ్రత్ ఉమర్ (రజి) గారికి మంచి భూమి దక్కింది. ఏం చెయ్యమంటారని ప్రవక్త (స) వారిని అడిగారు. మొదలు అలాగే ఉంచి, ఫలం దానం చెయ్యమన్నారు. ఆ భూమి అమ్మడానికి లేదు, వారసులకు పోదు. రాబడి పేదలకు, బాటసారులకు. వక్ఫ్ అంటే ఇదే.

మన దేశంలో హుగ్లీకి చెందిన హాజీ ముహమ్మద్ మొహ్సిన్ గారు 1806లో తన ఆస్తి యావత్తూ వక్ఫ్ రాశారు. ఆయన 1812లో పోయాక ముతవల్లీలు లెక్క తప్పారు, సర్కారు చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. ఆ నిధితోనే 1836లో హుగ్లీలో కాలేజీ వెలిసింది, తర్వాత ఎందరో పేద ముస్లిం విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు అందాయి. దాత మనసు ఎంత పెద్దదైనా లెక్క పుస్తకం సరిగా లేకపోతే ఏమవుతుందో పిల్లలకు ఇక్కడే చెబుతాం.

అంత దూరం ఎందుకు, మన విశాఖలోనే 1860లో మొదలైన బడి దాతల పేరు మోస్తూ శ్రీమతి ఎ.వి.ఎన్. కాలేజీ అయింది. సి.వి. రామన్ గారి తండ్రి అక్కడే లెక్చరరు, రామన్ గారూ అక్కడే చదివారు.

ఇక మన జాలరిపేట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చింది. సులైమాన్ (అలై) గారికి కబురు తెచ్చిన పిట్ట పేరే అది! గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. పడవలు, వలలు పోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మన కుర్రాళ్ళు బియ్యం మోశారు, నీళ్ళు మోశారు, ఎవరిది ఏ మతమని చూడలేదు. కాని నెల తిరగకుండానే ఆ ఊపు చల్లారింది. ఫీజు కట్టలేని పిల్లవాడు మాత్రం ఏ తుఫానూ లేని జూన్ నెలలో వస్తాడు.

అందుకని మా తరగతిలో ఒక డబ్బా పెట్టించాం. ఎవరికి తోచింది వారు వేస్తారు, రూపాయి అయినా సరే. మొదటి ఏడాది ఇద్దరికి నోటుబుక్కులు వచ్చాయి. తాళంచెవి ఒక పిల్లవాడి దగ్గర, లెక్క పుస్తకం ఇంకొకడి దగ్గర ఉంటాయి. మేం అడిగినా చూపించి మళ్ళీ తీసుకుపోతారు.