టేకు పట్టణం నిలంబూర్: కట్టడాలు, ఉత్సవాలు, కళలు

కేరళలోని మలప్పురం జిల్లాలో, చాలియార్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం నిలంబూర్. దీని చరిత్ర టేకు కలపతో ముడిపడి ఉంది. ఒక ఊరి కట్టడాలను, ఉత్సవాలను, కళలను చరిత్ర ఆధారాలుగా ఎలా చదవాలో ఈ ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం.

మొదట కట్టడాలను, తోటలను గమనించండి. నిలంబూర్ కోవిలకం స్థానిక భూస్వామ్య కుటుంబమైన తిరుముల్పాడ్‌ల నివాసం. ఒకప్పుడు చుట్టుపక్కల విస్తారమైన అడవులు వారివే. ఓడల నిర్మాణానికి టేకు అవసరం కావడంతో, 1840లలో మలబారు కలెక్టర్ కానోలీ ఇక్కడ టేకు తోటలు వేయించాడు. దగ్గరుండి వాటిని పెంచినవాడు చాత్తు మేనన్. తోటకు మాత్రం 'కానోలీ ప్లాట్' అనే పేరే స్థిరపడింది. నరికిన దుంగలు చాలియార్ మీదుగా కోళికోడ్ సమీపంలోని కల్లాయి చేరేవి. 1927 నాటికి షోరనూర్ నుంచి రైలు మార్గం కూడా ఏర్పడింది.

తర్వాత ఉత్సవం. కోవిలకం ఆలయంలో వేటగాడి రూపంలోని వేట్టెక్కొరుమకన్‌కు ఏటా 'పాట్టు' జరుగుతుంది. అడవి నుంచి గిరిజనులు కూడా వచ్చి, విందులో పాల్గొంటారు. కట్టడాలు చెప్పని భూస్వామి, గిరిజనుల సంబంధం ఇక్కడ కనిపిస్తుంది.

ఇక కళ. 1950లలో నిలంబూర్ ఆయిషా నాటకాల్లో నటించారు. ముస్లిం స్త్రీ రంగస్థలం ఎక్కడం సహించనివారి దాడులను ఆమె ఎదుర్కొన్నారు. ఈ సంఘర్షణకు కట్టడాల్లో ఆనవాలు దొరకదు.

కాబట్టి కట్టడం ప్రధానంగా యజమానిని గుర్తుచేస్తుంది. దుంగలు మోసినవారిని, ఎదురు నిలిచినవారిని తెలుసుకోవాలంటే ఉత్సవాన్ని, నాటకాన్ని కూడా చదవాలి.

అభ్యాసం: మీ ఊరిలోని ఒక పాత కట్టడం ఎవరి పేరుతో ఉంది? దాన్ని కట్టిన చేతులు ఎవరివి? పది వాక్యాల్లో రాయండి.