ఎస్‌ఎస్‌హెచ్ (సెక్యూర్ షెల్)

దూరంగా ఉన్న సర్వరులోకి నెట్‌వర్క్ మీదుగా సురక్షితంగా ప్రవేశించి, దాన్ని నిర్వహించడానికి వాడే ప్రోటోకాల్. ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డుల చోరీ జరిగాక, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ 1995లో దీన్ని రూపొందించాడు. అంతకుముందు వాడుకలో ఉన్న టెల్‌నెట్ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు పంపేది. దారిలో కాపువేసిన ఎవరైనా చదువుకోగలిగేవారు. ఎస్‌ఎస్‌హెచ్ సంభాషణ మొత్తాన్నీ గుప్తీకరిస్తుంది. దీని డిఫాల్ట్ పోర్టు 22. ఓపెన్‌బీఎస్‌డీ బృందం 1999లో విడుదల చేసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నేడు అత్యధికంగా వాడే రూపం.

గుప్తీకరణ ఒక్కటే చాలదు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వరు మీద రూట్ (పూర్తి అధికారాలున్న ఖాతా) పాస్‌వర్డును ఊహించే యంత్రాలు రాత్రింబవళ్లు ప్రయత్నిస్తూనే ఉంటాయి. అందుకే పాస్‌వర్డు ప్రవేశాన్ని పూర్తిగా ఆపి, తాళాల జతను (కీ పెయిర్) వాడడం మేలు. బహిరంగ తాళం సర్వరులో ఉంటుంది. రహస్య తాళం నిర్వాహకుడి కంప్యూటరు దాటదు, దానితో చేసిన సంతకం మాత్రమే వెళుతుంది. రహస్య తాళానికి పాస్‌ఫ్రేజ్ తప్పనిసరిగా పెట్టాలి.

రూట్‌గా నేరుగా ప్రవేశించడాన్నీ ఆపాలి. ప్రతి నిర్వాహకుడూ సొంత ఖాతాతో వచ్చి, అవసరమైనప్పుడు రూట్ అధికారంతో ఆదేశాలు నడిపే సుడో వాడితే ఏ పని ఎవరు చేశారో లాగ్‌లో మిగులుతుంది. మొదటిసారి కలిసినప్పుడు సర్వరు చూపే తన తాళపు వేలిముద్రను (ఫింగర్‌ప్రింట్) సరిచూడకుండా అవునని చెబితే, మధ్యలో నక్కిన మోసగాడిని నమ్మినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది తాళాల తొలగింపు. ఉద్యోగి వెళ్లిపోయినా అతని బహిరంగ తాళం సర్వరులో ఉన్నంతకాలం అతని ప్రవేశం చెల్లుతూనే ఉంటుంది.