ఆలీపూర్‌లో ఈనిన ఖడ్గమృగం

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్లలకు కలకత్తాలోని ఆలీపూర్ జూ కొత్త కాదు. హౌరా దాకా రైల్లో సుమారు 115 కిలోమీటర్లు. ఈసారి వెళ్ళినప్పుడు జింకల ఆవరణ దగ్గర ఓ అరగంట నిలబడండి. మేత వేయగానే ఏది ముందుకొస్తుంది? దాన్ని చూసి ఏది తప్పుకుంటుంది? కొన్నాళ్ళు ఇలా రాసుకుంటే మందలో దేని హోదా ఏమిటో తెలిసిపోతుంది. గిట్టల జంతువుల సాంఘిక ప్రవర్తనను జూలలో అధ్యయనం చేసేవారు మొదట చేసే పని ఇదే.

అయితే అన్నీ మందలుగా బతకవు. ఖడ్గమృగమూ గిట్టల జంతువే, కానీ ఒంటరిది. అందులోనూ ఒంటిమీద వెంట్రుకలు, రెండు కొమ్ములు ఉండే సుమత్రా ఖడ్గమృగం మరీను.

1876లో తెరిచిన ఆలీపూర్ జూకు తొలి భారతీయ సూపరింటెండెంట్ రామబ్రహ్మ సన్యాల్. ఆయన హయాంలోనే, 1889లో, అక్కడ ఒక సుమత్రా ఖడ్గమృగం ఈనింది. ఏ జంతువును ఎలా ఉంచాలి, ఏం పెట్టాలి, ఏ జబ్బుకు ఏం చేయాలి అన్నవి జాతివారీగా వివరిస్తూ సన్యాల్ 1892లో ఆంగ్లంలో ఒక పుస్తకం వెలువరించారు. రోజూ దగ్గరుండి చూసిన మనిషి రాసినది కనుకనే దాని విలువ.

అటువంటి కాన్పు మళ్ళీ జరగడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఊహించగలరా? 112 ఏళ్ళు! 1984 నుంచి సుమారు 40 జంతువులను అడవుల నుంచి పట్టి తెచ్చారు. వాటిలో చాలా చనిపోయాయి. మగనూ ఆడనూ కలిపితే కొట్లాట, విడిగా ఉంచితే సంతానం లేదు. అమెరికాలోని సిన్సినాటి జూలో టెర్రీ రాత్ అల్ట్రాసౌండ్‌తో పరీక్షించి చిక్కుముడి విప్పారు. మగదానితో జతకట్టినప్పుడే ఆడదానిలో అండం విడుదలవుతుందట! ఆ తగిన రోజున మాత్రమే రెంటినీ కలిపారు. అయినా 'ఎమీ' అనే ఆ ఆడ జంతువుకు ఐదుసార్లు గర్భం నిలవలేదు. ఆరోసారి హార్మోన్ ఇచ్చారు. 475 రోజులు మోసి 2001 సెప్టెంబరు 13న అది 'అండాలస్' అనే మగపిల్లను ఈనింది.

అండాలస్‌ను 2007లో సుమత్రాకు పంపారు. అక్కడి వే కాంబాస్ ఉద్యానంలో 2012లో అది తండ్రి అయింది. చూలు కట్టడం, ఈనడం రెండూ నిర్బంధంలోనే జరగడం ఆసియాలో ఆలీపూర్ తర్వాత అదే మొదటిసారి. అడవుల్లో ఈ జాతి ఇప్పుడు 50కి లోపే మిగిలిందని అంచనా.